నలభై ఏళ్ళుగా ఒకే కుక్కల వంశం: యోషిహిరో తకహాషి గురించి మీ ప్రశ్నలు

కిందటి సంచికలో జపాన్ బొమ్మల కథలు, అంటే మాంగా గురించి రాస్తూ, 'గింగా' అనే కుక్కల కథలకు పేరుపడ్డ యోషిహిరో తకహాషిని ఒక్క వాక్యంలో తలచుకుని ముందుకెళ్ళిపోయాను. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇంతమంది రాస్తారనుకోలేదు. కొందరు చిన్నప్పుడు చూసిన కార్టూన్ ఇదేనా అని అడిగారు, కొందరు కుక్కల మీద ఎవరైనా అన్నేళ్ళు కథ నడుపుతారా అని ఆశ్చర్యపోయారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే.

ప్రశ్న: అసలు ఈ తకహాషి ఎవరండీ? మొదట్నుంచీ కుక్కలే గీశారా, లేక మధ్యలో ఆ దారి పట్టారా?
– ఒక డిగ్రీ విద్యార్థి

ఆయన 1953 సెప్టెంబరు 18న జపాన్ ఉత్తరభాగంలోని అకితా రాష్ట్రంలో, హిగషినరుసె అనే కొండ ఊళ్ళో పుట్టారు. శీతాకాలమంతా మంచు కింద ఉండే ఊరు. అకితా అన్న మాట ఎక్కడో విన్నట్టుంది కదా? అవును, అకితా జాతి కుక్క పుట్టిల్లు అదే. చనిపోయిన యజమాని కోసం టోక్యోలో షిబుయా స్టేషన్ దగ్గర ఏళ్ళ తరబడి ఎదురుచూసిన హచికో కూడా ఆ రాష్ట్రంలోని ఒదతె దగ్గర 1923లో పుట్టిన కుక్కే. ఆ కొండల్లోనే మతగి అనే వేటగాళ్ళ సంప్రదాయం ఉంది, ఎలుగుబంట్ల వేట వాళ్ళకి తరాల నుంచి వస్తున్న పని, పక్కన కుక్క ఉండేది. అంటే కుక్క, ఎలుగు, మంచుకొండ ఈ మూడూ ఆయన పుట్టిన నేలలోనే ఉన్నాయి, కథ కోసం ఎక్కడికో వెళ్ళి వెతుక్కోనక్కర్లేకపోయింది.

కానీ పని నేర్చుకున్నది మాత్రం కుక్కల దగ్గర కాదు. హిరోషి మోతోమియా అని అప్పట్లో చాలా పెద్ద పేరున్న మాంగా రచయిత దగ్గర అసిస్టెంటుగా చేరారు. మోతోమియా కథలంటే రౌడీ కుర్రాళ్ళ కథలు. ఒక మొండి కుర్రాడు పక్క స్కూలు నాయకుడిని కొట్టి, ఓడినవాడిని తన మనిషిని చేసుకుని, అలా ఊరూరా తిరుగుతూ దండు కూడగడతాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సొంతంగా మొదలుపెట్టిన రోజుల్లో బేస్‌బాల్ మాంగా కూడా గీశారు. అప్పుడు బాలల పత్రికల్లో ఆటల కథలకి గిరాకీ ఎక్కువ. అయితే 1976లో 'మంత్‌లీ షోనెన్ జంప్' అనే మాసపత్రికలో 'షిరోయి సెన్షి యమాతో' మొదలైంది, తెల్ల అకితా కుక్క యమాతో కథ. అది 1989 దాకా నడిచింది. అక్కణ్ణుంచి ఆయన దారి కుక్కలదే.

ప్రశ్న: 'గింగా' అంటే పాలపుంత అని ఒక చోట చదివాను, వెండి కోర అని ఇంకో చోట చదివాను. ఏది నిజం?
– ఒక పాఠకురాలు

రెండూ నిజమేనమ్మా, అదే ఆ పేరులో అందం. జపాన్ భాషలో గింగా అని పలికితే ఎవరికైనా ముందు తట్టేది పాలపుంత, ఆ మాట రాసే అక్షరాలకి అర్థం 'వెండి నది'. తకహాషి అక్కడ 'నది' అక్షరం తీసేసి, అలాగే పలికే 'కోర' అక్షరం పెట్టారు. చెవికి పాలపుంత, కంటికి వెండి కోర. పూర్తి పేరు 'గింగా: నగరెబోషి గిన్', నగరెబోషి అంటే ఉల్క, గిన్ అంటే వెండి, అదే కథానాయకుడైన కుక్కపిల్ల పేరు కూడా. గిన్ ఒంటి మీద పులిచారలుంటాయి. అకితా కుక్కల్లో నిజంగానే ఆ రంగు ఉంది, జపాన్‌లో దాన్ని 'తోరా', అంటే పులి అనే పిలుస్తారు.

ఒక పేరుతో ఆడిన ఆట ఆయన్ని ఎంత దూరం తీసుకెళ్ళిందో చూడండి. గిన్ మనవల పేర్లు ఓరియన్, సిరియస్, రిగెల్. అన్నీ ఆకాశంలోవే.

ప్రశ్న: కుక్కలు యుద్ధం చేస్తాయి, సైన్యం కడతాయి అంటున్నారు. ఇది పిల్లల కథా, పెద్దల కథా? కొంచెం కథ చెప్పండి.
– ఒక ఉపాధ్యాయుడు

చెబుతాను, చివరిది మాత్రం దాచుకుంటాను.

ఉత్తర జపాన్ నడుమ నిలువునా సాగే ఓఉ పర్వతాల్లో అకకబుతో అనే ఎలుగు ఉంటుంది. ఆ పేరుకి అర్థం ఎర్ర శిరస్త్రాణం, తల నుంచి వీపు మీదుగా ఎర్రటి జూలు. గొహెయి అనే ముసలి వేటగాడు దాన్ని తుపాకీతో కొట్టాడు, కన్ను పోయింది కానీ ప్రాణం పోలేదు. గుండు మెదడుకి తగలడంతో ఆ ఎలుగు చలికాలం నిద్రపోవడం మానేసింది, నిద్రలేని ఎలుగు మనుషుల మీద పడింది. గొహెయి వేటకుక్క రికి, యజమానిని కాపాడబోయి లోయలో పడిపోతుంది. ఆ రికి కొడుకే గిన్. తండ్రి పగ తీర్చుకోవడానికి పెరుగుతున్న పిల్ల అనమాట. తర్వాత గిన్ ఇల్లు వదిలి, ఒక అడవికుక్కల దండులో చేరి, ఆ ఎలుగుని ఎదిరించడానికి దేశమంతా తిరిగి బలమైన కుక్కల్ని కూడగడుతుంది. కాయి ప్రాంతంలో పులిచారల అన్నదమ్ములు, ఇగా కొండల్లో నింజా విద్య తెలిసిన తెల్ల కుక్క అకమె, ఇలా ఒక్కో చోట ఒక్కో పోరు, ఒక్కో స్నేహం.

ఇందాక మోతోమియా గురించి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కొట్టుకోవడం, ఓడినవాడు తల వంచడం, తల వంచినవాణ్ణి గెలిచినవాడు సమానంగా చూడడం, ఇద్దరూ కలిసి ఇంకో ఊరికి బయలుదేరడం, ఇదంతా ఆయన గురువుగారి దగ్గర చూసిన కుర్రాళ్ళ దండు కథే, దాన్ని నాలుగు కాళ్ళ మీద నిలబెట్టారు. నా ఉద్దేశంలో తకహాషి చేసిన గొప్ప పని ఇదే. మనుషులైతే ఆ వీరావేశం కొన్నాళ్ళకి పాతబడేది, డ్రెస్సు మారుతుంది, జుట్టు మారుతుంది, మాటతీరు మారుతుంది. కుక్కకి ఆ బాధ లేదు. 1983లో గిన్ ఎలా నిలబడిందో ఇవాళా అలాగే నిలబడి ఉంది.

ఇంకోటి. ఆ కుక్కలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, మనుషులకి మాత్రం ఆ మాటలు వినబడవు. వాటికి బట్టలుండవు, రెండు కాళ్ళ మీద నడవవు. పోరంటే ఎక్కువగా కోర, పంజా, పరుగే. మనసు మనిషిది, ఒళ్ళు కుక్కది. ఈ గీత ఆయన చాలా జాగ్రత్తగా కాపాడుకున్నారు.

పిల్లల కథా అంటే, అచ్చయింది బాలల పత్రికలోనే. 1983 నుంచి 1987 దాకా 'వీక్లీ షోనెన్ జంప్'లో వచ్చింది, మొత్తం 18 సంపుటాలు. ఆ పత్రికలో నిలబడడం ఎంత కష్టమో ఒక్క మాట చెప్పాలి. ప్రతి సంచికతో పాటు పాఠకులకి ఒక పోస్టుకార్డు ఉండేది, ఏ కథ నచ్చిందో రాసి పంపేవాళ్ళు. ఓట్లు తగ్గితే పది వారాలకే కథ ఆపేసిన సందర్భాలు కోకొల్లలు. అప్పుడు అదే పత్రికలో 'కెప్టెన్ త్సుబాసా', 'కిన్నికుమాన్', 'హొకుతో నో కెన్', 1984 చివరి నుంచి 'డ్రాగన్ బాల్' నడుస్తున్నాయి. ఆ పోటీలో ఒక కుక్క కథ నాలుగేళ్ళు బతికింది. షోగకుకాన్ మాంగా పురస్కారం కూడా బాలల విభాగంలో దీనికే దక్కింది. పైగా ఆ నాలుగేళ్ళూ పక్కన మాసపత్రికలో యమాతో కథ ఆగలేదు. వారం వారం ఒకటి, నెల నెలా ఒకటి. డెడ్‌లైన్ టెన్షన్ తెలిసినవాళ్ళకి అదెంత పనో చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఎలుగుబంటి చలికాలంలో నిద్రపోకపోతే క్రూరంగా మారుతుందా? కథ కోసం కల్పించిందేనా?
– ఒక పాఠకుడు

మెదడుకి గుండు తగిలి చలికాలం నిద్ర లేకుండా పోవడమన్నది కల్పన. కానీ దాని వెనక ఉన్న భయం కల్పన కాదు. జపాన్ వేటగాళ్ళ మాటల్లో 'అనమొతజు' అని ఉంది, 'గుహ లేనిది' అని అర్థం. చలికాలానికి గుహ దొరకకుండా, నిద్రపోకుండా తిరిగే ఎలుగు. మంచులో తిండి దొరకదు కాబట్టి అది చాలా ప్రమాదమని వాళ్ళ నమ్మకం. 1915 డిసెంబరులో హొక్కైడోలోని సాంకెబెత్సు అనే చోట ఒక ఎలుగు ఇళ్ళలోకి జొరబడి మనుషుల్ని చంపిన ఘోరం జరిగింది, మంచుకాలంలోనే.

ఒక తేడా మాత్రం ఉంది. హొక్కైడోలో ఉండేవి పెద్ద గోధుమరంగు ఎలుగులు. అకితా ఉన్న హొన్షూ దీవిలో ఉండేవి నల్ల ఎలుగులు, మెడ కింద తెల్లటి నెలవంక మచ్చ, ఒంటికి వాటికంటే చాలా చిన్నవి. అకకబుతో అంత కొండంత జంతువు ఆ కొండల్లో ఉండదు. కానీ మంచులో ముసలి వేటగాడి ముఖం మీద భయం చూస్తే మాత్రం, అది ఎలుగుల దేశంలో పుట్టినవాడు గీసిన ముఖమని నాకనిపిస్తుంది.

ప్రశ్న: ఫిన్లండ్‌లో చదువుకుంటున్న మా అన్నయ్య, అక్కడ ముప్ఫై నలభై ఏళ్ళవాళ్ళందరికీ ఈ కుక్క తెలుసంటున్నాడు. జపాన్ కుక్కకి ఫిన్లండ్‌లో ఏం పని?
– ఒక ఇంటర్ విద్యార్థిని

మీ అన్నయ్య చెప్పింది నిజం. 1986లో తోయెయి యానిమేషన్ వాళ్ళు ఈ కథని టీవీ సీరియల్‌గా తీశారు, 21 భాగాలు. అది వీడియో క్యాసెట్ల రూపంలో ఉత్తర యూరప్ దేశాలకి చేరింది. ఫిన్లండ్‌లో 'హోపెయనువోలి' అన్నారు, అంటే వెండి బాణం. క్యాసెట్ అట్ట మీద కుక్కపిల్ల బొమ్మ చూసి పెద్దవాళ్ళు పిల్లలకి తెచ్చిపెట్టారు, లోపల చూస్తే తండ్రి లోయలో పడిపోవడం, పగ, చావులు. రక్తం ఉన్న చోటల్లా కోసేశారు కూడా. దాంతో నిన్నటిదాకా ఉన్న కుక్క ఇవాళ ఎందుకు లేదో పిల్లలకి తెలిసేది కాదు. అయినా ఆ బాధ మనసుకి పట్టింది.

ఎందుకు పట్టిందంటే నాకు తోచిన కారణం ఒకటుంది. అప్పటి పిల్లల కార్టూన్లలో చాలావాటిలో చివరికి అందరూ నవ్వుతూ ఇంటికెళ్ళేవాళ్ళు. ఇందులో ఒక స్నేహితుడు చనిపోతే మళ్ళీ రాడు, మిగతావాళ్ళు ఏడ్చి, లేచి, నడుస్తారు. పిల్లల్ని చిన్నవాళ్ళుగా చూడని కథ అది. పైగా మంచు, అడవి, ఎలుగు వాళ్ళకీ ఇంటిముందు సంగతులే. కోతలు లేని డీవీడీలు, పుస్తకాల అనువాదాలు తర్వాత వచ్చాయి, తకహాషి స్వయంగా ఫిన్లండ్ వెళ్ళి అభిమానుల్ని కలిశారు. సొంత దేశంలో తన తోటివాళ్ళ పేర్లు మారుమోగుతుంటే, ఎక్కడో ధ్రువం దగ్గర దేశంలో తనకోసం జనం వరసలో నిలబడడం, ఆ సంగతి తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు, కుక్కలంటే ప్రాణం. చూపించవచ్చా?
– ఒక తల్లి

ఇప్పుడే వద్దమ్మా. పక్కన మీరు కూర్చుంటే టీవీ సీరియల్ పన్నెండేళ్ళకి చూపించవచ్చు. పుస్తకాల్లో నెత్తురు చాలా ఉంటుంది, కుక్కపిల్లకి ఆ ముసలాయన ఇచ్చే శిక్షణ కూడా చూడలేనంత కఠినంగా ఉంటుంది. కుక్కలంటే ప్రాణమున్న పిల్లాడు రాత్రి నిద్రపోడు.

ప్రశ్న: మీరు ఇంతగా మెచ్చుకుంటున్నారు సరే, ఆ కథల్లో ఆడకుక్కలెక్కడ? నేను మూడు సంపుటాలు చదివి వదిలేశాను.
– ఒక పాఠకురాలు

మీ కోపం న్యాయమైనదే. మొదటి కథలో గుర్తుండిపోయే ఆడకుక్క దాదాపు ఒక్కటే, సలుకి జాతికి చెందిన 'క్రాస్' అనే కుక్క. ధైర్యం ఉన్న పాత్ర, మొదట్లో పోరాడుతుంది కూడా, కానీ కథ ముందుకెళ్ళే కొద్దీ ప్రేయసిగా, తల్లిగా పక్కకి జరిగిపోతుంది. రెండో తరం, అంటే గిన్ కొడుకు కథలో అయితే తల్లి సకురా మొదట్లోనే చనిపోతుంది, కొడుకుని తండ్రి దగ్గరికి పంపడమే ఆమె పని. 'మగతనం', 'మగాడి మాట' అన్నవి ఆ కుక్కలు మాటిమాటికీ అంటుంటాయి. గురువు దగ్గర్నుంచి వచ్చిన ఆస్తిలో ఇదీ ఉంది. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని పెద్దగా మార్చుకోలేదు, అది లోపమే. నాకు ఇష్టమైన రచయిత కాబట్టి లోపం కాదని అనలేను.

ప్రశ్న: 1987లో గిన్ అయిపోయింది కదా. తర్వాత ఆయన ఏమైపోయారు? ఒక్క హిట్టుతో ఆగిపోయినట్టేనా?
– ఒక గ్రాఫిక్ డిజైనర్

ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన భాగం అక్కడే మొదలవుతుంది.

గిన్ అయిపోయాక కూడా తకహాషి ఇంకొన్ని కుక్కల కథలు గీశారు, కానీ ఆ స్థాయి పేరు రాలేదు. పన్నెండేళ్ళు అలా గడిచాయి. బాలల పత్రికల్లో కొత్త తరం వచ్చేసింది. అప్పటికి ఆయనకి నలభై ఐదు దాటాయి. 1999లో 'వీక్లీ మాంగా గొరాకు' అనే పత్రికలో 'గింగా డెన్సెత్సు వీడ్' మొదలుపెట్టారు. ఇక్కడ పత్రిక పేరు ముఖ్యం. అది పిల్లల పత్రిక కాదు, ఉద్యోగాలు చేసుకునే మగవాళ్ళు చదివే పత్రిక. 1983లో పదేళ్ళ వయసులో స్కూలు సంచిలో జంప్ పెట్టుకుని తిరిగిన కుర్రాడు 1999కి ఇరవై ఆరేళ్ళవాడు. తకహాషి ఆ కుర్రాడి దగ్గరికే వెళ్ళారు. కొత్త పిల్లల వెంట పరిగెత్తకుండా, తన పిల్లలు పెరిగి ఎక్కడున్నారో అక్కడికి కథని తీసుకెళ్ళారు.

కథలో కూడా అంతే. గిన్ ఇప్పుడు తండ్రి, దండుకి నాయకుడు. వీడ్ అతని కొడుకు, తండ్రిని ఎప్పుడూ చూడలేదు. వీడ్ అంటే కలుపు మొక్క, తొక్కినా మళ్ళీ లేచేది. తల్లి పోయాక ఆ పిల్ల తండ్రిని వెతుక్కుంటూ బయలుదేరుతుంది, దారిలో పాత కథలోని స్మిత్ కనబడతాడు. చిన్నప్పుడు చదివిన కథలోని కుర్రకుక్క వయసు మళ్ళి ఎదురుపడితే ఆ పాఠకుడికి ఎలా ఉంటుందో ఊహించండి. వాడికీ వయసు వచ్చింది కదా.

ఆ వీడ్ కథ 2009 దాకా పదేళ్ళు నడిచి 60 సంపుటాలయింది. 2005లో టీవీకెక్కింది, 26 భాగాలు. వీడ్ కొడుకు ఓరియన్ కథ 2014 దాకా 30 సంపుటాలు. తర్వాత 2015 నుంచి 2019 వరకు 'ది లాస్ట్ వార్స్' 22 సంపుటాలు, అందులో చచ్చిపోయిన ఎలుగు అకకబుతో వారసులు పగ తీర్చుకోవడానికి వస్తారు. అంటే మొదట్లో కుక్కపిల్లకున్న పగ ఇప్పుడు ఎలుగు పిల్లలకి వచ్చింది. 2019లోనే 'నోవా' మొదలైంది. అదే ఏడు మొదటి కథ రంగస్థలం మీదికీ వచ్చింది, నటులే కుక్కల వేషాలు కట్టారు. గిన్ 18 కూడా కలిపితే నోవాకి ముందే 130 సంపుటాలు, ఒకే కుక్క కుటుంబం మీద.

అన్నీ సమానంగా బాగున్నాయని చెప్పను. వీడ్ మధ్యభాగంలో సాగదీత ఉంది, ఒకే రకం పోరు మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఓరియన్‌లో పాత్రలు ఎక్కువై తికమకపడ్డాను. కానీ ఒక్క హిట్టుతో ఆగిపోవడం అంటే ఇది కాదండీ. మీరు డిజైనర్ కాబట్టి అడుగుతున్నాను, పన్నెండేళ్ళు పేరు తగ్గాక అదే పని, అదే కుక్క, అదే పెన్ను పట్టుకుని మళ్ళీ కూర్చునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ప్రశ్న: నేను కుక్కల బొమ్మలు వేస్తాను. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఏమిటి?
– ఒక బీఎఫ్ఏ విద్యార్థి

ముందు జాతులు. ఒకే గడిలో పది కుక్కలుంటాయి, రంగులేమీ ఉండవు, నలుపు తెలుపే. అయినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. గ్రేట్ డేన్ బెన్‌కి ఎత్తు భుజాలు, పొట్టి వెంట్రుక. జర్మన్ షెపర్డ్ జాన్‌కి ముఖం మీద నలుపు, నిటారు చెవులు. సలుకి క్రాస్‌కి వేలాడే చెవుల మీద పట్టులాంటి జూలు. తోసా కుక్కకి మడతలు పడ్డ చర్మం, వేలాడే పెదవి. అలంకారాలు లేకుండా, ఎముక తీరుతో మనిషిని గుర్తుపట్టించినట్టు అనమాట.

తర్వాత కళ్ళు. ఏదైనా ఒక గడి తీసుకుని ముక్కు దగ్గర వేలు అడ్డం పెట్టి, కింది భాగం మూసేసి చూడండి. పైన మిగిలేవి దాదాపు మనిషి కళ్ళు, ముడిపడ్డ నొసలు, దుఃఖమూ రోషమూ అన్నీ అక్కడే. ఇప్పుడు వేలు తీసి పైభాగం మూయండి. కింద మిగిలేది పూర్తిగా కుక్క మూతి, ముడుచుకున్న ముక్కు, బయటపడ్డ చిగురు, కోరలు. ఈ రెండు సగాల్నీ అతుకు తెలియకుండా కలపడమే పని. నేను ప్రయత్నించాను, కళ్ళు మనిషివి పెడితే మూతి బొమ్మలా అయిపోతుంది, మూతి సరిగ్గా వస్తే కళ్ళల్లో మాట పోతుంది. రోజూ కొన్ని ముఖాలు ఇలా సగం సగం వేసి చూడండి.

బొచ్చు సంగతి కూడా గమనించండి. పోరు జరిగే చోట గీతలు పొడుగ్గా, కుక్క దూకుతున్న దిక్కుకే పోతాయి. గాయపడి పడుకున్న చోట అవే గీతలు పొట్టిగా, తడిసి ముద్దయినట్టు గుత్తులు గుత్తులుగా ఉంటాయి.

ప్రశ్న: ఎక్కడ మొదలుపెట్టాలి? ఇలాంటివి ఇంకా ఎవరు గీశారు?
– ఇద్దరు ముగ్గురు అడిగారు

1986 టీవీ సీరియల్‌తో మొదలుపెట్టండి, ఎలుగు కథ దాంతో పూర్తవుతుంది. నచ్చితే పుస్తకాలు, ఆ తర్వాత వీడ్. వీడ్‌ని ముందు చదవకండి, పాత కుక్కలు ఎదురుపడినప్పుడు కలగాల్సిన ఆనందం పోతుంది.

నెత్తురు వద్దనుకునేవాళ్ళకి నొరికొ ససాకి గీసిన 'దోబుత్సు నో ఒయిషా సాన్' ఉంది, 1987 నుంచి 1993 దాకా వచ్చింది, పశువైద్యం చదివే కుర్రాడు, చోబి అనే సైబీరియన్ హస్కీ. ఆ కథ వచ్చాక జపాన్‌లో హస్కీలు పెంచుకోవాలన్న మోజు పెరిగింది. తకహాషి కుక్కలు యుద్ధానికి వెళ్తాయి, ససాకి కుక్క గుమ్మంలో పడుకుని ఉంటుంది. రెండింట్లోనూ కుక్కని దగ్గరగా చూసిన కన్నుంది.

ఎప్పుడైనా జపాన్ వెళ్ళే వీలుంటే అకితా రాష్ట్రంలోని యొకొతెలో మసుదా మాంగా మ్యూజియం ఉంది, మాంగా అసలు చిత్రాలు భద్రపరిచే చోటు. తకహాషి పుట్టిన ఊరు అక్కణ్ణుంచి దూరం కాదు. చలికాలంలో వెళ్తే కథలోని మంచు కూడా చూడవచ్చు.